సాఫీగా దిగినవాళ్ళు

తొమ్మిదో అంతస్తు, కిటికీ పక్క బల్ల
మార్చి 4

ప్రియమైన వదినా,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట అన్నయ్యకి ముందే చెప్పు, లేకపోతే కవరు చింపకముందే రెండు గ్లాసుల నీళ్ళు తాగేస్తాడు.

రోజుకి ఎనిమిది గంటలు హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చుంటాను కదా, ఇంటికొచ్చాక ఫోను మోగితే చెవి మొరాయిస్తోంది. అందుకని ఇక మీదట మనిద్దరికీ ఉత్తరాలే. చేత్తో రాస్తే మనసు నెమ్మదిస్తుందని మా డాక్టరమ్మ కూడా చెప్పింది. డాక్టరమ్మ ఎవరంటావేమో, పాడ్‌కాస్టులో మనస్తత్వశాస్త్రం చెప్పే ఆవిడ. మొహం ఎప్పుడూ చూడలేదు. అయినా నా బతుకంతా ఆవిడకి తెలిసినట్టే మాట్లాడుతుంది.

అసలు సంగతి చెబుతాను. నా పని నీకు తెలుసుగా. ఊళ్ళో మా కంపెనీ లిఫ్టు ఎక్కడ ఆగిపోయినా, లోపలివాళ్ళు గంట నొక్కితే మోగేది నా చెవిలో. మెకానిక్కు చేరేదాకా వాళ్ళతో మాట్లాడుతూ ఉండాలి. "భయపడకండి, మనిషి బయల్దేరాడు" అని ఆరేళ్ళుగా అదే పాట. ఇప్పుడు కంపెనీకి కొత్త ఆలోచన వచ్చింది. ఒట్టి ఓదార్పు మాటలకైతే రికార్డు చేసిన గొంతు చాలట. ఎదుటి మనిషి మనసు తెలిసి మాట్లాడేవాళ్ళనే ఈ బల్ల దగ్గర ఉంచుతారట. మే, జూన్‌లలో పరీక్షలు. నెగ్గితే ఈ కుర్చీ నాదే. తప్పితే కింద స్టోరులో స్క్రూలు సైజులవారీగా డబ్బాల్లో వేసే పని. స్క్రూలతో ఏం మాట్లాడను వదినా? చిన్నప్పటి నుంచి మీరంతా నన్ను గంట అని పిలిచేది ఊరికే కాదు కదా.

ముందు రాతపరీక్ష, తర్వాత ఏదో చిన్న ప్రాక్టికల్. దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అందుకే చదువు మొదలుపెట్టాను. పొద్దున మెట్లెక్కుతూ ఒక పాఠం, సాయంత్రం దిగుతూ ఒక పాఠం. ఒకటిన్నర స్పీడులో పెట్టుకుంటే తొమ్మిదో అంతస్తు చేరేసరికి సరిగ్గా అయిపోతుంది. ఇంటికెళ్ళాక వీడియోలు. వారం తిరక్కుండానే మా సూపర్‌వైజరుకి మూడు లోపాలు, వాచ్‌మాన్‌కి ఒకటి కనిపెట్టాను. అన్నయ్యవి ఇంకా లెక్కలో ఉన్నాయి.

నువ్వూ నాతోపాటు నేర్చుకోవాలి. మొదటి పాఠం, ఎదుటివాళ్ళు చెప్పింది వాళ్ళకే తిరిగి చెప్పడం. మనం విన్నామని వాళ్ళకి తెలుస్తుంది. రెండోది ఊపిరి. నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చి, నాలుగు లెక్కపెట్టేదాకా వదలాలి. నా గొంతుతో రికార్డు చేసి నీ ఫోనుకి పంపాను, అచ్చు డాక్టరమ్మ వేగంలోనే.

నీ గంట


కుట్టు దుకాణం, ఇస్త్రీ బల్ల
మార్చి 15

మా గంటమ్మకి,

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నువ్వు ఇప్పుడు అర్ధ డాక్టరువి కూడా అయ్యావన్నమాట. ఇక నాకు తిరుగులేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవాలని, మొదటి పాఠం మీ అన్నయ్య మీదే ప్రయోగించాను. "ఆకలేస్తోంది" అన్నారు. "అంటే మీకు ఆకలిగా ఉందని చెబుతున్నారు, అంతేనా?" అన్నాను. "అదేగా అన్నాను" అన్నారు. "అదే అన్నానని మీకు అనిపిస్తోంది" అన్నాను. నా మొహం కాసేపు చూసి, లేచెళ్ళి తనే వడ్డించుకున్నారు. నాకు కూడా వడ్డించారు! పన్నెండేళ్ళ కాపురంలో ఇదే మొదటిసారి. నీ శాస్త్రం సామాన్యమైంది కాదే.

రెండో పాఠం మాత్రం బెడిసికొట్టింది. నీ గొంతు పెట్టుకుని దుకాణంలో కూర్చున్నాను. ఒకటిరెండుమూడునాలుగు అని నువ్వు తరుముతుంటే, పీల్చీ వదిలీ పీల్చీ వదిలీ, ఎండలో కుక్క రొప్పినట్టు రొప్పాను. ఆ తర్వాత అరగంట ఎక్కిళ్ళు. ప్యాంటు కొలతలకి వచ్చిన గుమాస్తాగారు పాపం నన్నే కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. ఊపిరి నలభై ఏళ్ళుగా నా అంతట నేను బాగానే పీలుస్తున్నాను, నువ్వు నేర్పాకే మర్చిపోయాను.

నువ్వు పంపిన వీడియో కూడా చూశాను. పుస్తకాల బీరువా ముందు నిలబడి జ్ఞాపకశక్తి గురించి చెప్పే అబ్బాయిది. మంచి విషయమే చెబుతున్నట్టున్నాడు. కానీ అతని కోటు ఎడమ భుజం అరంగుళం కిందికి జారింది. ఇరవై నిమిషాలూ ఆ భుజాన్నే చూస్తూ కూర్చున్నాను. జ్ఞాపకశక్తి గురించి ఒక్క ముక్కా గుర్తులేదు.

నీ డాక్టరమ్మకి తెలుసో లేదో, ఊపిరి సంగతి నాకూ ఒకటి తెలుసు. నడుముకి టేపు చుట్టగానే ఎవరైనా సరే ఊపిరి బిగబడతారు. "మామూలుగా ఉండండి" అంటే ఇంకా బిగబడతారు. అప్పుడు కొలిచి కుడితే వారానికి ప్యాంటు వెనక్కొస్తుంది. అందుకని నేను ఆ మాట అనను. "మీ పాత చొక్కాకి గుండీలు ఎన్నుండేవండీ?" అని అడుగుతాను. గుర్తుచేసుకుని చెప్పేలోపల ఊపిరి దానంతటదే వదులుతారు. టక్కున కొలిచేస్తాను. ఇది నీ పరీక్షకి పనికొస్తుందేమో చూడు.

ఆ ప్రాక్టికల్ అంటే ఏమిటి? రోజూ తొమ్మిది అంతస్తులు ఎక్కుతున్నావా? మోకాళ్ళు జాగ్రత్త.

నీ వదిన


తొమ్మిదో అంతస్తు, కిటికీ పక్క బల్ల
ఏప్రిల్ 6

ప్రియమైన వదినా,

నీ కాళ్ళు ఎక్కడున్నాయో చెప్పు, ఇక్కడి నుంచే దండం పెడతాను. ఎక్కిళ్ళ పాపం నాదే. నీ ఉత్తరం చదివాక అనుమానమొచ్చి, ఆ పాఠం మామూలు స్పీడులో విన్నాను. డాక్టరమ్మ ఎంత నెమ్మదైన మనిషో! ఒకటికీ రెండుకీ మధ్య టీ తాగి రావచ్చు. నెలరోజులుగా నేను ఎవరో హడావుడి మనిషి దగ్గర చదువుకుంటున్నానని అప్పుడు తెలిసింది. నాకు మళ్ళీ మొదటి నుంచీ వినక తప్పలేదు.

నీ కొలతల కిటుకు వాడాను. మొదటిరోజు అభాసుపాలయ్యాను. నాలుగో అంతస్తుకీ అయిదుకీ మధ్య ఒక పెద్దాయన ఇరుక్కున్నాడు. గట్టిగా అరుస్తున్నాడు. "సార్, బటన్లు ఎన్నున్నాయో చెప్పగలరా?" అన్నాను. చొక్కావి అనాలి కదా, అనలేదు. ఆయన లిఫ్టు బటన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. లెక్క తప్పకుండా ఒక్కొక్కటీ నొక్కుతూ మరీ! మెకానిక్కు వచ్చి బాగుచేశాక లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగి తలుపు తీసిందట. ఆయన పద్నాలుగుసార్లు బయటికి చూశాడు. దిగాక నాకే ఫోను చేసి, "ఏమ్మా, ఊరు చూపించావు" అన్నాడు.

మర్నాటి నుంచి "మీ చొక్కా గుండీలు" అంటున్నాను. పనిచేస్తోంది వదినా! నిన్న ఒకావిడ పదకొండు లెక్కపెట్టి, "ఒకటి ఊడిపోయింది, ఇప్పుడే చూస్తున్నాను" అని కోపం తెచ్చుకుంది. కోపమొచ్చాక భయం ఎటో పోయింది. ఆన్‌లైన్ కోర్సులో దీనికి పెద్ద పేరే ఉంది. దృష్టిని చేతికందే వస్తువు మీదికి మళ్ళించడమట. నువ్వేమో టేపుతో చేసేస్తున్నావు.

రాతపరీక్షకి బాగానే తయారవుతున్నాను. ప్రాక్టికల్ అడిగావు కదా, అదేమీ లేదు. పది నిమిషాలు ఒకచోట కూర్చోవాలట. అంతే.

నీ గంట


కుట్టు దుకాణం, ఇస్త్రీ బల్ల
ఏప్రిల్ 17

గంటమ్మా,

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని మూడుసార్లు చదివాను. బట్ట చూడగానే కుట్టు ఎక్కడ విప్పి మళ్ళీ వేశారో తెలుసుకోవడం నా వృత్తి. నీ ఉత్తరంలో కూడా అలాంటి చోటు ఒకటుంది.

పది నిమిషాలు ఒకచోట కూర్చోవాలి అన్నావు. ఎక్కడే? కుర్చీలోనా, చెట్టు కిందా, సినిమా హాల్లోనా? ఎప్పుడో సూపర్‌వైజరు వేసుకున్న బూట్ల రంగు కూడా రాసే మనిషివి, ఆ ఒక్క చోటు పేరు రాయడానికి సిరా అయిపోయిందా?

ఇంకోటి. లిఫ్టుల కంపెనీ ఆఫీసు, తొమ్మిదో అంతస్తు, అక్కడ లిఫ్టు లేకపోతే లోకంలో ఎక్కడుంటుంది? నువ్వేమో పొద్దునా సాయంత్రం మెట్లు. పోయినేడు మా ఇంటికొచ్చినప్పుడు అయిదంతస్తులు సూట్‌కేసు మోసుకుంటూ ఎక్కావు. "ఆరోగ్యానికి మంచిది వదినా" అన్నావు. సూట్‌కేసు ఆరోగ్యానికా అని అప్పుడే అడగాల్సింది. మొహమాటపడ్డాను.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోకుండా, నిజం చెప్పు. నీకు లిఫ్టంటే భయమా?

నీ వదిన


తొమ్మిదో అంతస్తు
ఏప్రిల్ 25

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. ఇక్కడ నేను క్షేమం. నేను మెట్లెక్కేది వ్యాయామానికి. నాలుగు పాడ్‌కాస్టులు వినగానే అందరి మనసుల్లోకీ తొంగిచూడటం మర్యాద కాదని డాక్టరమ్మ ఇరవయ్యో పాఠంలో స్పష్టంగా చెప్పారు. మీకు డాక్టరు పట్టా ఎప్పుడొచ్చిందో నాకు తెలియలేదు. అన్నయ్యకి నా నమస్కారాలు.

ఇట్లు,
మీ ఆడపడుచు

తా.క. నిన్న కింద స్టోరులోకి వెళ్ళి చూసొచ్చాను. స్క్రూలు పదకొండు సైజులు ఉన్నాయి. అక్కడ కిటికీ లేదు. మాట్లాడే మనిషి కూడా లేడు.

మళ్ళీ తా.క. లిఫ్టులోనే వదినా. ఆ పది నిమిషాలూ ఆపేసిన లిఫ్టులో, తలుపులు మూసి, ఒక్కదాన్నే కూర్చోవాలి. ఇరుక్కున్నవాళ్ళకి ఎలా ఉంటుందో మాకు తెలియాలట. నాకు భయం. చాలా భయం. మొదట్లో లేదు, ఈ ఉద్యోగంలో చేరిన రెండో ఏట మొదలైంది. రోజూ చెవిలో ఎవరో ఒకరు "తలుపు తియ్యండమ్మా" అంటారు. సాయంత్రం లిఫ్టు ముందు నిలబడితే ఆ గొంతులన్నీ లోపల ఉన్నట్టే అనిపిస్తుంది. లిఫ్టు కంపెనీలో కూర్చుని లిఫ్టంటే భయమని ఎవరితో చెప్పుకోను? నవ్వరా? పొద్దున్నుంచీ అందరికీ భయపడకండి భయపడకండి అంటున్నాను, సాయంత్రానికి మెట్లు దిగుతున్నాను. నువ్వు కూడా నవ్వుతావని చెప్పలేదు.


కుట్టు దుకాణం, ఇస్త్రీ బల్ల
మే 2

నా బంగారు గంటకి,

నవ్వాను. అబద్ధమెందుకు? స్క్రూలు పదకొండు సైజులని చదివి పడీపడీ నవ్వాను. మళ్ళీ తా.క. దగ్గర నవ్వు ఆగిపోయింది. మీ అన్నయ్యకి చదివి వినిపిస్తే రెండు గ్లాసుల నీళ్ళు తాగారు. "నాలుగేళ్ళుగా అది మెట్లెక్కుతుంటే నేను మెచ్చుకున్నాను" అన్నారు చివరికి.

నిన్ను నిలదీసినందుకు కోపం పెట్టుకోకు. నీ మీది దిగులుతోనే అడిగాను.

నేను నీ అంత చదవలేదు. మధ్యాహ్నం చొక్కాలకి కాజాలు కుట్టేటప్పుడు నీ డాక్టరమ్మని వింటున్నాను, మామూలు స్పీడులోనే. అయినా ఒక సంగతి తోచింది, చెబుతాను విను. పన్నెండేళ్ళుగా నా దుకాణానికి వచ్చేవి చిరిగినవీ, పిగిలినవీ, బిగుతైనవీ. బాగున్న చొక్కా తెచ్చి, "చూడమ్మా, ఇది చక్కగా ఉంది" అని ఒక్కరూ చూపించలేదు. అంతమాత్రాన లోకంలో బట్టలన్నీ చిరిగే ఉన్నాయని నేననుకుంటే ఏమవుతుంది? వీధిలోకి వెళ్ళాలంటేనే సిగ్గేస్తుంది!

నీకు ఫోను చేసేవాళ్ళంతా ఆగిపోయినవాళ్ళే కదే. సాఫీగా దిగినవాళ్ళు ఎవరైనా గంట నొక్కి, "అమ్మా, చక్కగా దిగిపోయాం" అని చెబుతారా? ఆరేళ్ళుగా నువ్వు చిరుగులే వింటున్నావు.

రేపు ఒక పని చెయ్యి. మీ ఆఫీసు కింద లిఫ్టు ఎదురుగా గంటసేపు కూర్చో. ఎక్కక్కర్లేదు. దిగినవాళ్ళని లెక్కపెట్టు, చాలు.

నీ వదిన


కింద హాలు, లిఫ్టుకి ఎదురు బెంచీ
మే 24

ప్రియమైన వదినా,

రెండు వందల పన్నెండు మంది. ఒక్క గంటలో. ఒక్కరి మొహంలోనూ భయం లేదు. కొందరు ఆవలిస్తూ దిగారు. ఒకడు ఫోను చూస్తూ దిగి గోడకి గుద్దుకున్నాడు, అది లిఫ్టు తప్పు కాదు. రెండు వందల పన్నెండు మందీ నాకు ఎప్పటికీ ఫోను చెయ్యరు వదినా! బెంచీ మీద కూర్చుని ఎందుకో ఏడుపొచ్చింది. వాచ్‌మాన్ టీ తెచ్చిచ్చాడు. అతనిలో నేను కనిపెట్టిన లోపం వెనక్కి తీసుకున్నాను.

ఆ తర్వాతి వారం తలుపు తెరిచి ఉన్న లిఫ్టులో నిలబడటం అలవాటు చేసుకున్నాను. ఊడ్చే ఆవిడ రోజూ చూసి, "దిగాలా ఎక్కాలా తేల్చుకోలేకపోతున్నావా అమ్మా?" అంటుంది. తర్వాత ఆవిణ్ణి తోడు తీసుకుని ఒక అంతస్తు ఎక్కాను. పోయిన బుధవారం రెండు. మిగతా ఏడూ మెట్లే. భయాన్ని కొద్దికొద్దిగానే దగ్గరికి రానివ్వాలని కోర్సులో ఉంది. మెట్టు మెట్టుగా అని రాశారు, చదివి నవ్వుకున్నాను.

రాతపరీక్ష నెగ్గాను. ప్రాక్టికల్ జూన్ 9న. ఒక్కటే కష్టంగా ఉంది. తలుపు మూసుకునేటప్పుడు ఊపిరి బిగబడుతున్నాను, నీ దగ్గర నడుము కొలతకి నిలబడినట్టే. ఆ రోజు లోపల తోడు ఎవరూ ఉండరు. గుండీలు లెక్కపెడదామంటే నా బట్టలకి గుండీలే ఉండవు, అన్నీ జిప్పులు.

నీ గంట


కుట్టు దుకాణం
జూన్ 1

గంటా,

పార్సిల్లో ఉన్నది కోటు. కొలతలు నాకు కంఠతా వచ్చు కాబట్టి అడగలేదు. గుండీలు తొమ్మిది, నీ అంతస్తులన్ని. ఏడోది మిగతావాటిలా ఎందుకు లేదో లిఫ్టులో తలుపు మూసుకున్నాక ఆలోచించు. ముందే చూస్తే ఒట్టు.

ఎక్కువ రాయను. భయమేస్తే వెయ్యనీ. దానికీ ఓ మూల చోటివ్వు, లిఫ్టు పదిమంది పట్టేంత ఉంటుంది కదా.

నీ వదిన


తొమ్మిదో అంతస్తు, కిటికీ పక్క బల్ల, నా కుర్చీ
జూన్ 16

వదినా!

పైన కుర్చీ గురించి రాశాను చూశావా? నాదే!

వరసగా చెబుతాను. తలుపు మూశారు. లిఫ్టు కాస్త కదిలి, రెండు అంతస్తుల మధ్య ఆగింది. ఊపిరి బిగబట్టేశాను. గంట నొక్కాను. అవతల బల్ల దగ్గర కూర్చున్నది కొత్తగా చేరిన అమ్మాయి. నేను నేర్పిన పాటే అప్పజెప్పింది, "భయపడకండి, మనిషి బయల్దేరాడు." ఆ మాట వినగానే నాకు అసలు భయం పట్టుకుంది! అప్పటిదాకా సగమే ఉంది. ఆరేళ్ళుగా ఎంతమందికి ఈ మాట చెప్పానో తలుచుకుంటే సిగ్గేసింది.

అప్పుడు కోటు చూసుకున్నాను. ఒకటి, రెండు, మూడు. నీ చేతి గుండీలు, ఒక్క దారం పైకి లేదు. ఏడోది ఆకుపచ్చది. వంకర. నలభైసార్లు దారం చుట్టి, గుండీని ఉరితీసినట్టు కుట్టారు. ఇలా కుట్టేవాడు భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. చిన్నప్పుడు నా బడి సంచీ పట్టీ తెగితే ఇలాగే కుట్టి, తన వేలిని కూడా సంచీకి కలిపి కుట్టేసుకున్నాడు. పకపకా నవ్వాను వదినా, ఆగిన లిఫ్టులో ఒక్కదాన్నే. అవతల ఆ అమ్మాయి భయపడిపోయి, "అమ్మా, మీరు బానే ఉన్నారా?" అంది. "మా అన్నయ్య గుండీ కుట్టాడు" అన్నాను. తర్వాత ఇద్దరం కబుర్లలో పడ్డాం. తలుపు తెరిచేసరికి పదకొండు నిమిషాలయింది. ఒకటి ఎక్కువే.

ఏం తెలుసుకున్నారని పరీక్ష పెట్టినవాళ్ళు అడిగారు. "భయపడకండి అన్న మాట తీసేయండి. గుండీలు అడగండి. గుండీలు అనే అడగండి, బటన్లు అనవద్దు" అన్నాను. రాసుకున్నారు. మా బల్ల దగ్గర చూసి చెప్పే కొత్త కాగితం మీద మొదటి వాక్యం ఇప్పుడు నీదే. అన్నయ్యకి చెప్పు, కళ్ళు తుడుచుకోవడానికి కాస్త టైమిచ్చి చెప్పు.

ఇంకొక్కటి ఉంది. నిన్న పొద్దున ఎవరినీ తోడు పిలవలేదు. ఎక్కాను, తొమ్మిది నొక్కాను. తలుపు మూసుకుంది. భయం కూడా నాతోపాటు ఎక్కింది, ఓ మూల నిలబడింది. మూడు, నాలుగు, అయిదు. ఏడు దగ్గర ఆకుపచ్చ గుండీ పట్టుకున్నాను. తొమ్మిదిలో తలుపు తెరుచుకుంది. కానీ దిగలేదు. తలుపుకి కాలు అడ్డం పెట్టి గంట నొక్కాను.

"భయప... క్షమించండి. మీ గుండీలు ఎన్నండీ?" అంది ఆ కొత్త అమ్మాయి.

"తొమ్మిదమ్మా. నేను సాఫీగా వచ్చేశాను. ఆ మాట చెబుదామనే నొక్కాను."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "మరి సమస్య అన్న గడిలో ఏం రాయమంటారండీ?" అంది.

నీ ఇష్టం అన్నాను. మధ్యాహ్నం వెళ్ళి ఆ రిజిస్టరు చూశాను వదినా. గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: "సమస్య లేదు. చేరానని చెప్పడానికి పిలిచారు."

నీ గంట